పొయ్యి ఆర్పిన రాత్రి

ఉలాన్‌బాతర్‌లో, గుడారాల పేట దిగువన
మా షెడ్డు ఒక పాత సరుకుల కంటైనరు.
ఆ సాయంత్రం బయట మైనస్ ఇరవై ఎనిమిది.
లువ్‌సాన్ మేస్త్రి వదిలిన ఊపిరి
ఆయన మీసాల మీదే ఆగిపోతోంది.

దమ్‌దిన్ మాస్టారు కారు తెచ్చారు.
పగలు బడిలో భౌతికశాస్త్రం, రాత్రి టాక్సీ.
జపాన్‌లో ఎవరో వాడి వదిలించుకున్న బండి.
పైన పటారం,
లోన వెయ్యి కిలోమీటర్లకి
లీటరు ఆయిలు తాగేస్తోంది.

ప్లగ్గు రంధ్రంలోంచి మేస్త్రి సన్న కెమెరా దించాడు.
తెర మీద పిస్టన్ నెత్తి,
మాడి అడుగంటిన పాలగిన్నె.
రింగులు వాటి గాడుల్లోనే అతుక్కుపోయి
కదలడం మరిచిపోయాయి.

మసిపూసి మారేడుకాయ చేసేవాళ్ళకి
మా బజారులో కొదవలేదు.
చిక్కటి ఆయిలు పోసి, పొగ నోరు మూసి,
మర్నాడే అమ్మేస్తారు.
మా మేస్త్రిది ఎదురు పని.
మసి తీస్తాడు.
కింద ఏ కాయ ఉంటే ఆ కాయ.

నాలుగు సిలిండర్లు, నాలుగు సిరంజిలు,
ఒక్కోదానికీ నలభై మిల్లీలీటర్ల మందు.
గోళ్ళరంగు, కిరోసిను, కుళ్ళిన ఉల్లిపాయ కలిసిన వాసన.
తొడుగులు వేసుకోమని నాకు మూడుసార్లు చెప్పి
తను మాత్రం ఒట్టిచేతులతోనే.
ఆ వేళ్ళు ఏటా రెండుసార్లు కుబుసం విడుస్తాయి.

ఇక్కడే వచ్చింది చిక్కు.
మందుకి వెచ్చదనం కావాలి,
చల్లబడితే మొద్దునిద్ర పోతుంది.
మందు దగ్గర నిప్పు ఉండకూడదు,
ఆవిరి అంటుకుంటే షెడ్డూ మిగలదు, మేమూ మిగలం.

మేస్త్రి ఏమీ అనలేదు.
మందు మూత తియ్యకముందే
పొయ్యిలోని బొగ్గు ఉండల్ని పారతో ఎత్తి
ఒక్కొక్కటే బయట మంచులో పడేశాడు.
ప్రతి ఉండా సుర్రుమంది.
షెడ్డులో ఉన్న ఒకే ఒక్క ఒంటెబొచ్చు కంబళి
ఇంజనుకి కప్పాడు.

తలుపు జానెడు తెరిచి
ముగ్గురం ఆ కారు వెనక సీట్లోనే కూర్చున్నాం,
మాస్టారి కోటు మా ముగ్గురి మోకాళ్ళ మీద.
"బొగ్గులో ఉన్నదే వజ్రంలోనూ..." మాస్టారు మొదలెట్టారు.
"వజ్రం సంగతి వద్దు మాస్టారూ," అన్నాడు మేస్త్రి,
"నాకు బొగ్గుతోనే సరిపోతోంది."

కొండ మీది గుడారాలన్నీ పొగ వదులుతున్నాయి.
అందులో ఒకటి మా అమ్మది.
ఈ చలికాలం నేను దగ్గి ఉమ్మిన రంగు
నేనూ చూశాను.
దానికి సిరంజి ఎవరూ అమ్మడం లేదు.

తెల్లారాక ప్లగ్గులు పెట్టకుండానే ఇంజను తిప్పాం.
నాలుగు నోళ్ళూ నల్లగా ఉమ్మాయి
గుడ్డ మీద, పైకప్పు మీద, నా కనుబొమల మీద.
మందు కారి పాడైన ఆయిలు దించి, కొత్తది పోసి,
ప్లగ్గులు బిగించి తాళం తిప్పితే
తెల్లటి పొగ! సందు సందంతా మాయం.
టైర్ల కొట్టు హాండ్మా ఎక్కడుందో కనపడలేదు గానీ
మా మూడు తరాల్నీ తిట్టడం స్పష్టంగా వినపడింది.
పదకొండు నిమిషాలు. నేను లెక్కపెట్టాను.
తర్వాత పొగ పలచబడింది.

మళ్ళీ కెమెరా.
మొదటి పిస్టన్ మీద, మసి పోయిన చోట,
ఒక చిన్న బాణం గుర్తు.
ముందువైపు ఇటు అని
పోతపోసిన రోజున ఎవరో చెక్కింది.
ఇన్నేళ్ళూ చీకట్లో అది అటే చూపిస్తూ ఉంది.
రెండో దాని మీదా, నాలుగో దాని మీదా బాణం.
మూడోది మాత్రం నల్లగా, మొండిగా.

"ఇంకోసారి పోసి చూద్దాం, కదలకపోతే విప్పాల్సిందే,"
అన్నాడు మేస్త్రి.
మాస్టారు నాలుగింటికి లెక్కకట్టి ఇచ్చారు.
ఒకదాని డబ్బు వెనక్కి వెళ్ళింది.
మళ్ళీ ముందుకొచ్చింది. మళ్ళీ వెళ్ళింది.
చివరికి అది హాండ్మా కొట్టులో
మూడు గిన్నెల ఉప్పు టీ అయ్యింది.

కారు వెళ్ళాక తలుపులు బార్లా తెరిచి
చాలాసేపు అలాగే నిలబడ్డాం.
మేస్త్రి వంగి, మూలమూలా గాలి వాసన చూశాడు,
నన్నూ చూడమన్నాడు.
తర్వాత, మొద్దుబారిన తన వేళ్ళలోంచి
అగ్గిపెట్టె నా చేతిలో పెట్టాడు.